నల్లబడని నూనె: ఒక సంచి పసుపు పూల గుంటగలగర కథ

"మాస్టారూ, ఈసారి నూనె రంగు తిరగలేదండీ" అంటూ ఫోన్ చేసిందావిడ. గోదావరి డెల్టాలో ఒక ఊళ్లో ఇంటి దగ్గరే గుంటగలగర నూనె కాచి, సీసాల్లో పోసి అమ్ముతుంది. నెలకి పాతిక, ముప్పై లీటర్లు. పెద్ద వ్యాపారమేమీ కాదు గానీ ఇద్దరు పిల్లల చదువు దాని మీదే నడుస్తోంది. నేను బోటనీ లెక్చరర్‌గా రిటైరయ్యాక ఇలాంటి చిన్న తయారీదార్లకి మూలికలు గుర్తుపట్టి చెప్పే పని పెట్టుకున్నాను. ఈ కేసు నాకు కాస్త సిగ్గు కూడా మిగిల్చింది కాబట్టి దాచుకోకుండా మొత్తం రాస్తున్నాను.

సంగతేమిటంటే, ఇన్నాళ్లూ ఆవిడకి పచ్చి ఆకు పొలాల గట్ల మీద ఏరుకొచ్చే ఆడవాళ్లే తెచ్చిపెట్టేవారు. గట్లకి కలుపు మందు కొట్టడం ఎక్కువయ్యాక ఆకు దొరకడం తగ్గింది. ఈలోగా ఎవరో ఫోన్‌లో పరిచయమై, "పసుపు పూల గుంటగలగర ఉందమ్మా, ఎండుది, తమిళనాడులో అంతా ఇదే వాడతారు" అని సగం ధరకే నలభై కిలోల సంచి పంపాడు. ఆవిడ ఎప్పట్లాగే ఆకు నానబెట్టి, కషాయం తీసి, కొంత ముద్దగా నూరి, నువ్వుల నూనెలో కలిపి కాచింది. తేమంతా పోయి చిటపటలు ఆగాయి. ఒత్తి ముంచి వెలిగించి చూస్తే చప్పుడు లేకుండా వెలిగింది. అంటే పాకం సరిగ్గానే కుదిరింది. నూనె మాత్రం లేత పసుపుగానే ఉండిపోయింది. వాసన కూడా ఎప్పటిలా లేదట, "కోసిన గడ్డి వాసనండీ" అంది.

ఫోటో పంపమన్నాను. రెండు పంపింది. ఒకటి సంచిలోని ఎండు ఆకు, రెండోది అమ్మినతను పంపిన పచ్చి మొక్క ఫోటో. నేలంతా పరుచుకున్న తీగ, పైన చిన్న పొద్దుతిరుగుడులాంటి పసుపు పువ్వులు. కాఫీ తాగుతూ చూసి రెండు నిమిషాల్లో జవాబు కొట్టాను: "ఇది పీత భృంగరాజం. నకిలీ కాదు, జాతి వేరు. నిఘంటువుల్లో ఉన్నదే."

తప్పు అక్కడే చేశాను. ఆయుర్వేద మూలికల నిఘంటువుల్లో ఉన్న మాట నిజమే. గుంటగలగరని సంస్కృతంలో భృంగరాజం అంటారు; అందులో తెలుపు, పసుపు, నీలం అని మూడు రకాలు చెప్పారు. తెల్లది మన గుంటగలగర. పసుపుది వేరే మొక్క. దాన్ని తమిళులు మంజళ్ కరిసలాంకణ్ణి అంటారు, మలయాళీలు మంజ కయ్యోన్ని అంటారు, వాడతారు కూడా. పసుపు పువ్వు, నేల మీద పాకే తీగ, ఎదురెదురుగా ఆకులు, అమ్మినవాడి నోట తమిళనాడు మాట. ఈ నాలుగూ కలిసేసరికి నా బుర్ర మిగతా పని మానేసింది. ఆ ఫోటోలో ఆకు అంచులు సరిగ్గా కనబడటం లేదన్న విషయం కూడా పట్టించుకోలేదు.

రాత్రి పడుకున్నాక ఒక అనుమానం వచ్చింది. అసలైన పసుపు గుంటగలగర నేను చూసిన చోట్ల నీటి అంచుల్లో అక్కడక్కడా ఉంటుంది, ఇలా తివాచీ పరిచినట్టు ఉండదు. మర్నాడు పొద్దున్నే ఆవిడకి ఫోన్ చేసి, "అమ్మా, నిన్న నేను చెప్పింది పక్కన పెట్టు. నూనె ఒక్క సీసా కూడా బయటికి పంపకు. సంచి పైనుంచి ఒక గుప్పెడు, మధ్యలోంచి ఒక గుప్పెడు, అడుగునుంచి ఒక గుప్పెడు విడివిడిగా కవర్లలో పెట్టి పంపు. పువ్వులు ఉన్నవే చూసి పెట్టు" అన్నాను. వీలైతే వేరుతో సహా ఒక పచ్చి మొక్క తడి న్యూస్‌పేపర్లో చుట్టి పంపించమని అమ్మినతన్ని అడగమన్నాను. అతను పంపాడు. మోసం చేసేవాడైతే పంపడు కదా, అప్పుడే నాకు అతని మీద కోపం పోయింది.

బల్ల మీద

ఎండిన పువ్వుని అలాగే విప్పబోతే పొడిపొడి అవుతుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, అందులో ఓ అరగంట ఉంచితే మెత్తబడి, దాదాపు పచ్చిదానిలా విచ్చుకుంటుంది. పది రెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దం, రెండు సూదులు, తెల్ల పింగాణీ పళ్లెం. ఇంతకంటే పరికరాలు అక్కర్లేదు.

ఈ కుటుంబం గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, కుసుమ, అరకులో కొండలు పసుపుగా మార్చే వలిసెలు, వయ్యారిభామ, గడ్డి చామంతి, సహదేవి, గుంటగలగర అన్నీ ఒకే కుటుంబం. ఆస్టరేసీ అన్నా కాంపోజిటే అన్నా ఒకటే, రెండు పేర్లూ చెల్లుతాయి. ఇరవై వేలకి పైగా జాతులున్న కుటుంబం. మనం పువ్వు అనుకునేది నిజానికి ఒక పూల గుంపు. పొద్దుతిరుగుడు తలలో గింజలు ఎన్ని ఉంటే కనీసం అన్ని పువ్వులు అక్కడ పూశాయన్నమాట. చుట్టూ రేకుల్లా కనిపించేవి ఒక్కొక్కటీ ఒక పువ్వు, మధ్యలో బొడ్డులా కనిపించే ప్రతి చుక్కా ఒక పువ్వు. క్లాసులో కిరణ పుష్పకాలు, బింబ పుష్పకాలు అని చెప్పేవాణ్ణి. ఇక్కడ చుట్టు పూలు, మధ్య పూలు అంటాను. మొత్తం గుంపు కింద ఆకుపచ్చగా గిన్నెలా పట్టుకుని ఉండేవి పత్రకాలు. పిల్లలు వాటిని రక్షక పత్రాలు అని రాస్తే మార్కులు కోసేవాణ్ణి. ఒక్కో చిన్న పువ్వుకి ఉండాల్సిన అసలు రక్షక పత్రాలు ఈ కుటుంబంలో వెంట్రుకలుగానో, పొలుసులుగానో, ముళ్లుగానో మారిపోయి గింజ నెత్తి మీద కూర్చుంటాయి, లేదా అసలు ఉండవు. దాన్నే కేశగుచ్ఛం అంటాం. గడ్డి చామంతి గింజ గాలిలో గొడుగేసుకుని పోతుంది చూడండి, ఆ గొడుగు అదే.

ఈ కుటుంబంలో పైమొహం చూసి పేరు చెప్పడం ఎప్పుడూ ప్రమాదమే. తల విప్పి ఒక చుట్టు పువ్వు, ఒక మధ్య పువ్వు, ఒక గింజ, వాటి మధ్య ఉండే పొట్టు, ఈ నాలుగూ బల్ల మీద పెట్టాకే నోరు విప్పాలి. ముప్పై ఏళ్లు పిల్లలకి ఇదే చెప్పి, చివరికి వాట్సాప్‌లో నేనే తప్పాను.

పోలిక కోసం మా వీధి కాలవ పక్కనుంచి ఒక పచ్చి గుంటగలగర పీక్కొచ్చాను. ముందు దాన్ని విప్పాను. తల మొత్తం ఏడెనిమిది మిల్లీమీటర్ల వెడల్పు. చుట్టు పూలు తెల్లగా, సన్నగా, దారప్పోగుల్లా రెండు వరసల్లో చాలా ఉంటాయి. రేకు అనడానికి కూడా మనసొప్పదు, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు. మధ్య పూలు కూడా తెల్లవే. భూతద్దం కింద ఒక మధ్య పువ్వు అంచు చూస్తే నాలుగు పళ్లున్నాయి. ఈ కుటుంబంలో మధ్య పువ్వుకి మామూలుగా ఐదు పళ్లు ఉంటాయి, గుంటగలగరలో తరచుగా నాలుగే. పూల మధ్య పొట్టు ఉందా అని వెతికితే, సన్నటి బిరుసు వెంట్రుకల్లా కనబడింది. తెలియకపోతే పొట్టు లేదనే రాసేస్తారు. ముదిరిన తల ఒకటి చేత్తో నలిపితే గింజలు రాలాయి, రెండు రెండున్నర మిల్లీమీటర్లు ఉంటాయి. చుట్టు పువ్వు గింజకి మూడు పలకలు, మధ్య పువ్వు గింజ అటూ ఇటూ నొక్కినట్టు ఉంటుంది. ఒంటి నిండా బుడిపెలు. నెత్తి మీద ఏమీ లేదు, కత్తితో కోసినట్టు మొండిగా ఉంది. గుంటగలగర శాస్త్రీయ నామం ఎక్లిప్టా. ఆ పేరుకి గ్రీకులో మూలం లోపించడం అనే అర్థమున్న మాట. లోపించింది ఈ కేశగుచ్ఛమే.

ఇప్పుడు సంచిలోది. నానిన తల అంగుళం దాకా విచ్చుకుంది. చుట్టు పూలు తొమ్మిది, పది, ఒకదాంట్లో పదకొండు. వెడల్పుగా, కొసన మూడు నొక్కులతో, ఎండినా నారింజ ఛాయ పోలేదు. మధ్య పూలకి ఐదు పళ్లు. సూదితో ఒక మధ్య పువ్వుని లాగితే దాంతో పాటు ఒక పలుచటి పొట్టు కూడా వచ్చింది. పడవలా మడతపడి, పువ్వుని ఒడిలో పెట్టుకున్నట్టు పట్టుకుని ఉంది. గుంటగలగరలో వెంట్రుకలాంటి పొట్టు, ఇందులో పడవలాంటి పొట్టు. ఈ ఒక్క తేడా చాలు, రెండూ ఒక ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) కాదని చెప్పడానికి. గింజల కోసం పది తలలు విప్పాను. ఎనిమిదింట్లో తాలు తప్ప ఏమీ లేదు. దొరికిన రెండు మూడు గింజలకి నెత్తిన చిన్న గిన్నెలాంటి అంచు ఉంది.

కాబట్టి తెల్ల గుంటగలగర కాదు, అది ఖాయం. మిగిలిన ప్రశ్న నేను ముందు చెప్పిన పీత భృంగరాజమేనా అన్నది. దీనికి ఆకు చూడాలి. పీత భృంగరాజం ఆకు పొడుగ్గా, ఈటె ఆకారంలో ఉండి, అంచున ఒకటి రెండు జతల పళ్లతోనో, అసలు పళ్లు లేకుండానో ఉంటుంది, తమ్మెలు (చెవుల్లా చీలిన భాగాలు) ఉండవు. రెండు వైపులా గరుకు. పూల కింద ఉన్న బయటి పత్రకాలు నాలుగైదు పెద్దవిగా ఆకుల్లా ఉంటాయి. తడి పేపర్లోంచి తీసిన పచ్చి మొక్క ఆకు వెడల్పుగా, మందంగా, నిగనిగలాడుతూ ఉంది. చివరికి వచ్చేసరికి అటొకటి ఇటొకటి పక్క తమ్మెలు, మధ్యలో ఒక పెద్ద తమ్మె. ముందు నాలుగు ఆకులు చూశాను, నాలుగూ అంతే. తీగ కణుపు కణుపుకీ వేర్లు.

ఇది అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిన స్ఫాగ్నెటికోలా ట్రైలోబేటా. ట్రైలోబేటా అంటేనే మూడు తమ్మెలది. మనకి బాగా తెలిసిన మొక్కే, పేరే తెలియదు. రోడ్డు డివైడర్ల మీద, అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర, హోటళ్ల ముందు నేలంతా కప్పేసి పసుపు పూలు పూసేది ఇదే. నర్సరీల్లో సింగపూర్ డైసీ అంటారు, సింగపూర్‌తో దానికి పుట్టుక సంబంధం లేదు. ప్రపంచంలో వంద మహా దురాక్రమణ జాతుల పట్టికలో దీని పేరుంది. నేను పీత భృంగరాజమన్నది, నిఘంటువుల్లో ఉన్నదే అన్నది, ఆ డివైడర్ మొక్క!

పచ్చి ఆకు ఉంది కాబట్టి పాత పద్ధతి కూడా చూశాను. రెండు ఆకులూ విడివిడిగా తెల్ల కాగితం మీద బొటనవేలితో నలిపాను. మా వీధి కాలవ మొక్క రసం ముందు ఆకుపచ్చగానే ఉండి, గాలి తగిలిన కొద్దీ ముదిరి, కాఫీ కప్పు కడిగొచ్చేసరికి నల్లబడింది. వేలు కూడా నల్లబడింది, రెండు రోజులు పోలేదు. సింగపూర్ డైసీ మరక ఆకుపచ్చగానే ఉండి, ఎండాక కాస్త గోధుమ రంగుకి తిరిగింది. చిన్నప్పుడు పలక నల్లబడాలని బొగ్గూ గుంటగలగరాకూ కలిపి రుద్దేవాళ్లం. రసంలో గుడ్డ తడిపి ఆరబెట్టి, ఆముదంలో ఒత్తి వేసి కాటుక పట్టేది మా నాయనమ్మ. వాళ్లకి ఏ పరీక్షా అక్కర్లేదు, నల్లబడకపోతే అవతల పారేసేవారు. ఎండు ఆకుకి ఈ పరీక్ష పనికిరాదు, పచ్చి ఆకుకే. ఎండు సంచులు కొనడం మొదలయ్యాకే ఈ తంటాలన్నీ వచ్చాయి.

పేర్ల గొడవ

ఆవిడకి రిపోర్టు రాసి ఇస్తే, ఆవిడ కొడుకు (డిగ్రీ చదువుతున్నాడు) ఒక ప్రశ్న వేశాడు. "మీరు ఎక్లిప్టా ప్రోస్ట్రేటా అని రాశారండీ, మా లేబుల్ మీద ఎక్లిప్టా ఆల్బా అని ఉంది. అది కూడా తప్పేనా?"

తప్పు కాదు. రెండూ ఒకే మొక్క. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనికి రెండు పేర్లు పెట్టాడు, వెర్బెసినా ఆల్బా, వెర్బెసినా ప్రోస్ట్రేటా. 1771లో ఎక్లిప్టా అనే ప్రజాతిని తనే విడదీశాడు. రెండు పేర్లూ ఒకే ఏడాది పుట్టినప్పుడు ఏది ముందు అన్న ప్రశ్న రాదు, రెండూ ఒకటేనని మొదట కలిపిన మనిషి ఏది ఎంచుకుంటే అది నిలుస్తుంది. ఆ కలిపిన మనిషి విలియమ్ రాక్స్‌బర్గ్. మన సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉండి, ఇక్కడి మొక్కల్ని తెలుగు పేర్లతో సహా రాసుకున్న డాక్టరు. ఆయన పోయాక 1832లో అచ్చయిన ఫ్లోరా ఇండికా అనే పుస్తకంలో ప్రోస్ట్రేటా అన్న పేరు ఎంచుకున్నాడు. అందుకే ఈరోజు బోటనీ వాళ్లు ప్రోస్ట్రేటా అంటారు. మన ఆయుర్వేద ఫార్మకోపియా (మందుల ప్రమాణ గ్రంథం) మాత్రం భృంగరాజానికి ఎక్లిప్టా ఆల్బా అని రాసింది, లేబుళ్లన్నీ దాన్నే పట్టుకున్నాయి. లేబుల్ మార్చక్కర్లేదని చెప్పాను.

కుర్రాడు ఆసక్తిగా వింటున్నాడని ఇంకాస్త చెప్పాను. పీత భృంగరాజాన్ని కూడా లిన్నేయస్ అదే 1753లో అదే వెర్బెసినా బుట్టలో వేశాడు, వెర్బెసినా కాలెండ్యులేసియా అని. అంటే తెల్లదీ పసుపుదీ మొదట ఆయనకి కూడా ఒకే ఇంటి పిల్లల్లాగే కనిపించాయి. తర్వాత పసుపుది వెడీలియా ప్రజాతిలోకి వెళ్లింది. జర్మనీలో జేనా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ వెడెల్ పేరు మీద పెట్టిన ప్రజాతి అది. మూడు తమ్మెల అమెరికా మొక్కని 1759లో సిల్ఫియం అన్నారు, తర్వాత అదీ వెడీలియాలోకే వచ్చింది. 1996లో ప్రస్కీ అనే శాస్త్రవేత్త ఈ రెండు పసుపు మొక్కల్నీ స్ఫాగ్నెటికోలా ప్రజాతికి మార్చాడు. బురద నేలల్లో ఉండేది అని ఆ పేరుకి అర్థం. ఇప్పటికీ చాలా పుస్తకాల్లో, దుకాణాల్లో వెడీలియా అనే ఉంది. వెడీలియా అన్న ఒక్క మాట మీద రెండు మొక్కలు చేతులు మారుతున్నాయి, ఒకటి ఇక్కడిది, ఒకటి అమెరికాది. అమ్మినతను విన్న తమిళనాడు కబురు ఎక్కడో ఇలాగే తారుమారై ఉంటుంది.

వర్గీకరణలో ఎక్లిప్టా, స్ఫాగ్నెటికోలా రెండూ హీలియాంథీ అనే పొద్దుతిరుగుడు తెగలోనివే, ఆ తెగలోనూ ఎక్లిప్టినే అనే ఒకే ఉపతెగ. ఎదురెదురు ఆకులు, పూల మధ్య పొట్టు ఈ తెగ ఇంటి గుర్తులు. గింజ గోడలో బొగ్గులాంటి నల్లటి పొర ఉండటం ఈ తెగకీ దాని దగ్గరి చుట్టాలకీ సొంతం. పొద్దుతిరుగుడు గింజ తొక్కలోనూ ఆ పొర ఉంటుంది. (గింజ నల్లగా ఉంది కాబట్టి జుట్టు నల్లబడుతుందని ఒకాయన నాతో వాదించాడు. ఆ పొరకీ ఆకు రసం నల్లబడటానికీ సంబంధం లేదు.) అంత దగ్గరి చుట్టాలు కాబట్టే పైకి పోలికలుంటాయి. కుసుమ, చామంతి, సహదేవి ఇదే కుటుంబమైనా వేరే తెగలు. వాటితో ఇలాంటి పొరపాటు ఎవరికీ జరగదు.

ఈ చుట్టరికం వల్లే ఇంకో చిక్కు. అమ్మినతను, "కావాలంటే ల్యాబ్‌లో కెమికల్ టెస్ట్ చేయిద్దామండీ, ఖర్చు నేనే పెట్టుకుంటా" అన్నాడు. గుంటగలగరకి ల్యాబ్‌లో సాధారణంగా వెతికేది వెడెలోలాక్టోన్ అనే పదార్థం. పేరు చూస్తేనే కథ తెలుస్తుంది. 1956లో గోవిందాచారి, ఆయన సహచరులు దీన్ని పసుపు పూల వెడీలియా కాలెండ్యులేసియా నుంచి తీసి, నిర్మాణం తేల్చారు. గుంటగలగరలోనూ అదే ఉందని కూడా చూపించారు. పేరు పసుపుదాని మీద పెట్టారు, ఇప్పుడు తెల్లదాన్ని గుర్తించడానికి వాడుతున్నాం. కాబట్టి ఆ పదార్థం కనబడినంత మాత్రాన అది తెల్ల గుంటగలగర అని రుజువు కాదు. ఎంత ఉంది, ఆకు నాణ్యత ఏమిటి అని చూడటానికి ఆ టెస్ట్ మంచిదే, అసలు ఏ మొక్క అన్నది తేల్చడానికి చాలదు. ఆ డబ్బు దండగ అని అతనికే చెప్పాను. పొడి చేసి అమ్మి ఉంటే మాత్రం నా భూతద్దం కూడా చేతులెత్తేసేది. ఆకు మీద ఉండే బిరుసు నూగు ఈ చుట్టాలన్నిటికీ ఇంచుమించు ఒకలాగే ఉంటుంది.

తోట దగ్గర

సంచి అమ్మిన ఆ మనిషిని కలవాలనిపించి వెళ్లాను. రొయ్యల చెరువుల మధ్య అరెకరం గట్టు. పెద్దాయన, మెడలో తువ్వాలు. గట్టు మట్టి కోసుకుపోకుండా ఉంటుందని ఎవరో చెబితే రెండేళ్ల కిందట నర్సరీ నుంచి పది కొమ్మలు తెచ్చి గుచ్చాడట. ఇప్పుడు గట్టు కనబడటం లేదు, పసుపు పూలే. "ఇది గుంటగలగరేనని ఒక కుర్రాడు ఫోన్‌లో యాప్ పెట్టి చూపించాడండీ. పనికిరాని గడ్డి అనుకున్నది డబ్బులొస్తుందంటే ఎండబెట్టాను" అన్నాడు. యాప్ ఏం చెప్పిందో నాకు చూపించాడు. వెడీలియా అని ఉంది. దాన్ని పట్టుకుని ఎవరో వెడీలియా అంటే భృంగరాజ్ అన్నారు. నేను రెండు నిమిషాల్లో చేసింది కూడా ఇంచుమించు అదే.

గట్టు కింద కాలవ వైపు చూపించాను. తెగిన ముక్కలు నీళ్లలో పడి, అవతలి ఒడ్డున అప్పుడే వేళ్లూనుకున్నాయి. ఇది గింజల మీద పెద్దగా ఆధారపడదు, కణుపు ఉన్న ముక్క తడి నేల మీద పడితే చాలు. "బాబాయ్, దీన్ని కోస్తే కాలవలో పారెయ్యకు, గట్టు మీదే ఎండలో పరిచి పూర్తిగా చచ్చాక తగలబెట్టు" అన్నాను. తల ఊపాడు. మొత్తం పీకేస్తాడని నేననుకోవడం లేదు, గట్టు నిలబడుతోంది కదా. అదే కాలవ అంచున, సింగపూర్ డైసీ ఇంకా పాకని చోట, మోకాలెత్తు తెల్ల గుంటగలగర దుబ్బులు ఇరవై దాకా కనబడ్డాయి. ఎర్రటి కాడలు, తెల్లటి చుక్కల్లాంటి పూలు. ఒక ఆకు కోసి ఆయన అరచేతిలోనే నలిపాను. మేం వీడ్కోలు చెప్పుకునేలోపు చెయ్యి నల్లబడింది. ఆయన దాన్ని తువ్వాలుకి తుడిచి, "ఇదా! ఇది మా ఆవిడ పచ్చడి చేస్తుంది" అన్నాడు.

ఆ నూనె సంగతి

పద్దెనిమిది లీటర్లు కాచి ఉంది. ఆవిడ ప్రశ్న సూటిగా ఉంది: "హాని లేకపోతే అమ్మేయొచ్చా మాస్టారూ?" నా సమాధానం కూడా సూటిగానే చెప్పాను. లేబుల్ మీద గుంటగలగర అని ఉంది, సీసాలో గుంటగలగర లేదు, అందుకని అమ్మకూడదు. రెండోది, ఈ కుటుంబంలో చాలా మొక్కలకి సెస్క్విటెర్పీన్ లాక్టోన్లనే పదార్థాలుంటాయి. వయ్యారిభామ తగిలితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వచ్చేది వాటి వల్లే. సింగపూర్ డైసీలోనూ ఆ తరగతి పదార్థాలున్నాయి. నూనెలో ఎంత దిగిందో, ఎవరి తలకి ఏం చేస్తుందో నేను పూచీ పడలేను. నెత్తికి రాసుకునేది, పిల్లలకీ రాస్తారు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఆ నువ్వుల నూనె ఖరీదే నాలుగు వేల పైన. చివరికి దీపారాధన నూనెగా, గుంటగలగర పేరు లేకుండా తెలిసినవాళ్లకి తక్కువకి ఇచ్చేసింది. పెద్దాయన సంచి డబ్బుల్లో సగం వెనక్కిచ్చాడు. మిగతా సగానికి ఆవిడే పట్టుబట్టలేదు.

నేను ఫీజు తీసుకోలేదు. నా రెండు నిమిషాల జవాబు మర్నాడు పొద్దున్నే వెనక్కి తీసుకోకపోయి ఉంటే ఆ సీసాలన్నీ బయటికి వెళ్లి ఉండేవి.

తర్వాత వారం ఏరుకొచ్చే ఆడవాళ్లు తెచ్చిన పచ్చి ఆకు మళ్లీ నా బల్ల మీదికి వచ్చింది, ఈసారి అసలైనదే. అయినా గుప్పెడు గుప్పెడుగా పరిచి చూస్తే అందులో పొన్నగంటి కాడలు చాలా వచ్చాయి. పూత రాకముందు తడి నేలలో ఈ రెండూ పక్కపక్కనే పెరుగుతాయి, రెండిటికీ ఆకులు ఎదురెదురుగానే, కళ్లకి తేడా తెలియదు. వేళ్ల మధ్య రుద్దితే తెలుస్తుంది. గుంటగలగర గరుగ్గా తగులుతుంది, పొన్నగంటి నున్నగా జారుతుంది. గడ్డి చామంతి తలలు కూడా రెండు దొరికాయి, పొడుగాటి కాడ మీద ఒంటరి పువ్వు, గింజకి గొడుగు. ఆవిడ కొడుకు వాటిని నాకంటే ముందే ఏరి పక్కన పెట్టాడు. ఇప్పుడు వాళ్లింట్లో ఒక భూతద్దం, రెండు సూదులు, ఒక తెల్ల పళ్లెం ఉన్నాయి. సంచి వచ్చిన రోజు పది తలలు విప్పి, చూసిందంతా నోట్‌బుక్‌లో రాసి నాకు ఫోటో పెడతాడు. మొన్నటి దాంట్లో చివరి వరస: "మధ్య పువ్వుకి పళ్లు 4, ఒకదానికి 5. పొట్టు వెంట్రుక. గింజ నెత్తి బోడి. కాగితం నల్లబడింది, 6 నిమిషాలు."